చివరిసారి కల్లు ఎప్పుడు తాగినవ్? లాకప్ నుంచి వచ్చిన ఒక కేసు

ఉత్తర తెలంగాణలో ఒక ఏరియా ఆసుపత్రి క్యాజువాల్టీలో నేను డ్యూటీ మెడికల్ ఆఫీసర్‌గా ఉన్నప్పటి కేసు ఇది. 2024 డిసెంబరు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆయనా, ఆయన భార్యా రాయమన్నాకే రాస్తున్నాను.

లాకప్ చావు అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేది దెబ్బలు. అది సహజం, అందులో తప్పు లేదు. కాని కస్టడీలో ప్రాణం పోయే దారులు ఇంకా ఉన్నాయి. తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం, షుగర్ పడిపోవడం, మత్తు అనుకుని వదిలేసిన తల దెబ్బ, మొలతాడుతోనో లుంగీతోనో ఉరి. ఈ కేసులో వాటిలో ఒకటీ, దెబ్బలూ కలిసి వచ్చాయి. మొదటిసారి ఆ మనిషిని చూసినప్పుడు రెండిట్లో ఏదీ నేను పట్టుకోలేదు. అందుకే మొదటి రాత్రి నుంచే చెబుతాను.

శనివారం రాత్రి

తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇద్దరు కానిస్టేబుళ్లు ఒకాయన్ని తీసుకొచ్చారు. నలభై ఐదేళ్లుంటాయి. పొలాల దగ్గర బోరు మోటార్లు పోయిన కేసులో అనుమానితుడు. పొద్దున మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి, సర్టిఫికెట్ కావాలి అన్నారు. అరెస్టు మెమోలో సమయం శనివారం సాయంత్రం ఆరు గంటలు. అప్పుడు లోపల పురుగుల మందు తాగిన ఒక అమ్మాయికి కడుపు కడుగుతున్నాం. బండి మీంచి పడ్డ ఇద్దరు బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

ఆయన్ని నిలబెట్టే చూశాను. "దెబ్బలేమన్నా ఉన్నాయా?" అని అడిగితే ఆయన నోరు తెరవకముందే కానిస్టేబుల్ "ఏం లేవు సార్" అన్నాడు. ఆయన నా వైపు చూడలేదు. కానిస్టేబుల్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చొక్కా పైకెత్తి పొట్ట, వీపు చూశాను. ప్యాంటు విప్పించలేదు, చెప్పులు తీయించలేదు. చేతులు వణుకుతున్నాయి. చలికి అనుకున్నాను. నుదుటి మీద చెమట ఉంది. చలికి వణికే మనిషికి చెమట ఎందుకు పడుతుందన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

క్యాజువాల్టీ టేబుల్ సొరుగులో ఒక రబ్బరు స్టాంపు ఉండేది. బయటి గాయాలు లేవు, స్పృహలో ఉన్నాడు, రిమాండుకు ఫిట్ అని మూడు ముక్కలు దాని మీద ఉంటాయి. నాకన్నా ముందు పనిచేసినవాళ్లు చేయించింది. స్టాంపు వేసి, తేదీ రాసి, సంతకం పెట్టాను. పల్స్, బీపీ గళ్లు ఖాళీగా వదిలేశాను. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఆదివారం తెల్లవారుజామున

నాలుగూ నలభైకి అదే జీపు మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన్ని మోసుకొచ్చారు. లాకప్‌లో ఫిట్స్ వచ్చాయట, గోడకు తల తగిలిందట. ఒక కానిస్టేబుల్ "నాటకాలాడుతుండు సార్, పొద్దున కోర్టు ఉందిగా" అన్నాడు. రెండో ఆయన సెంట్రీ డ్యూటీలో ఉన్న కుర్రవాడు. వాళ్ల చెల్లెలికి మూర్ఛ ఉందట, అందుకే చూడగానే తెలిసిపోయిందన్నాడు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టమని ఎవరో అంటే వినకుండా, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నురగ తుడిచి, ఎస్సైకి ఫోన్ చేసి జీపు ఎక్కించాడు. ఆ రాత్రి ఆ మనిషి బతకడానికి మొదటి కారణం ఆ కుర్రవాడే. ఆ సంగతి కేస్‌షీట్‌లోనూ రాశాను.

మంచం మీద వేసిన పది నిమిషాలకు నా కళ్ల ముందే మళ్లీ ఫిట్ వచ్చింది. లోరాజెపామ్ 4 మిల్లీగ్రాములు నిదానంగా నరంలోకి ఇచ్చాం. షుగర్ 92, అంటే ఫిట్స్‌కు కారణం అది కాదు. పల్స్ 128, బీపీ 160/100, జ్వరం 101. ఫిట్ తగ్గాక కళ్లు తెరిచాడు గాని మనిషి మన లోకంలో లేడు. గాలిలో ఏదో ఏరుకుంటున్నాడు. దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుతున్నాడు. మధ్యమధ్య ఒకే మాట: "జర కల్లు పోయించుండ్రి."

నైట్ డ్యూటీ సిస్టర్ ఆ మాట విని నా వైపు చూసింది. ఆమె నిజామాబాద్ జిల్లా మనిషి. 2015లో కల్తీ కల్లు దుకాణాల మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు ఆ జిల్లాలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ జనం ఇలాగే వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. "ఇది కల్లు బందయిన జబ్బు సార్" అంది. నాకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఆమెకు వార్డులో తెలుసు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా ప్రాంతంలో రోజూ కల్లు తాగేవాళ్లలో చాలామంది తాగేది చెట్టు కల్లు కాదు. అందులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుస్తాయి. ఏళ్ల తరబడి తాగినవాడి మెదడు ఆ మందుకు అలవాటు పడిపోతుంది. అది ఒక్కసారిగా అందకపోతే మొదటి రోజు వణుకు, చెమట, నిద్రలేమి. ఆ తర్వాత ఫిట్స్. రెండో మూడో రోజుకు మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ. సారా, బ్రాందీ తాగేవాళ్లలోనూ వరస దాదాపు ఇదే, కాకపోతే మాత్రలు కలిసిన కల్లులో ఈ అవస్థ ఎక్కువ రోజులు సాగుతుంది. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. అందితే దాదాపుగా బతుకుతాడు.

లాకప్ అంటే తాగుడు పూర్తిగా ఆగిపోయే చోటు. ఇంట్లో అయితే ఒంట్లో బాగోలేదని ఎవరో ఒకరు ఒక సీసా తెచ్చి పోస్తారు. జైలుకు వెళ్తే అడ్మిషన్ రోజున డాక్టరు చూస్తాడు. మధ్యలో ఉన్న ఆ ఒకటి రెండు రాత్రులు మాత్రం ఎవరి చూపూ పడని రాత్రులు. అవే అసలు ప్రమాదం.

బట్టలు విప్పించాక

థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఆ తర్వాతే సెలైన్‌లో గ్లూకోజ్ కలిపాం. తాగేవాళ్లకు మామూలుగా ఈ వరస పాటిస్తాం. యూరిన్ ట్యూబ్ వేసినప్పుడు బ్యాగులోకి వచ్చిన మూత్రం చూసి నేను ఆగిపోయాను. డికాక్షన్ రంగు. రక్తపు ఎరుపు కాదు, నల్లని గోధుమ రంగు.

అప్పుడు బట్టలన్నీ తీయించాను. తొడల వెనక, పిర్రల మీద కమిలిన గుర్తులు. వాటిలో నాలుగు ఒకే తీరుగా ఉన్నాయి: రెండు సమాంతర గీతలు, మధ్యలో పాలిపోయిన చర్మం. రైలు పట్టాల్లా ఉంటాయి. గుండ్రటి కర్ర బలంగా తగిలినప్పుడు కర్ర కింద ఉన్న రక్తం పక్కలకు చిమ్మి, అంచుల దగ్గర రక్తనాళాలు చిట్లడం వల్ల అలా వస్తాయి. ఫిట్స్‌లో పడిపోతే వచ్చే గుర్తులు కావవి. అరికాళ్లు ఉబ్బి ఉన్నాయి, ముట్టుకుంటే ఆ మత్తులోనూ కాలు వెనక్కి లాక్కున్నాడు.

మూత్రం అలా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. తొడలు, పిర్రల్లాంటి పెద్ద కండరాల మీద పదేపదే దెబ్బలు పడితే కండరం లోపల చితికి, అందులోని ప్రోటీన్ రక్తంలోకి వదులుతుంది. అది కిడ్నీలను మూసేస్తుంది. ఎముక విరగదు, రక్తం కారదు, బయటికి పెద్దగా ఏమీ కనపడదు. మనిషి మాత్రం నాలుగైదు రోజుల్లో కిడ్నీలు పోయి చనిపోవచ్చు. ల్యాబ్ తెరిచాక పంపిన రక్తంలో, కండరం చితికితే పెరిగే సీపీకే అనే ఎంజైము 18,000 దాటింది, కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 2.4. ఫిట్స్ వల్ల కూడా సీపీకే పెరుగుతుంది, ఆ మాట నోట్‌లో రాశాను. ఆ పట్టాల గుర్తుల సంగతీ దాని పక్కనే రాశాను. రెండూ రాయడమే డాక్టరు పని. ఏది ఎంత అన్నది తేల్చాల్సింది విచారణలో.

ఈ గుర్తులు శనివారం రాత్రి ఉన్నాయా? లోతుగా తగిలిన దెబ్బ చర్మం మీదికి తేలడానికి కొన్నిసార్లు ఒక రోజు పడుతుంది. నేను బట్టలు తీయించి చూసినా కొన్ని అప్పటికి కనపడకపోయి ఉండవచ్చు. ఈ మాట నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పడం లేదు. చూడలేదు కాబట్టి ఉన్నాయో లేవో చెప్పే హక్కు నాకు లేకుండా పోయింది. అయినా "లేవు" అని సంతకం పెట్టాను.

గంటకు 200 మిల్లీలీటర్లు మూత్రం వచ్చేలా సెలైన్ ఎక్కించాం. పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుందేమోనని గంట గంటకూ ఈసీజీ తీశాం. తల గోడకు తగిలింది కాబట్టి స్కాన్ తప్పనిసరి, అది మా దగ్గర లేదు. ఉదయం పదకొండుకు 108లో జిల్లా ఆసుపత్రికి పంపించాం. స్కాన్ నార్మల్ అని సాయంత్రం ఫోన్ వచ్చింది.

శుక్రవారం పొద్దుమీకి

పంపించేలోపు భార్య వచ్చింది. స్టేషన్ నుంచి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్కూరి ఆటో అతను మోసుకురావడం చూసి ఫోన్ చేశాడు. ఆమెను పక్కకు పిలిచి రోగి చరిత్ర అడిగాను. వైద్యానికి అవసరమైన ప్రశ్న ఒక్కటే: చివరిసారి కల్లు ఎప్పుడు తాగాడు?

"శుక్రారం పొద్దుమీకి తాగిండు సార్. దుకాణం కాడికెల్లే తీస్కపోయిండ్రు. నేను ఠాణాకి పోతే రేపు రాపో అన్నరు."

రోజుకు ఎన్ని సీసాలు అంటే పొద్దున రెండు, సాయంత్రం మూడు అంది. పదేళ్లుగా.

చికిత్స కోసం అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు ఇది. దీన్ని మెమోలో ఉన్న శనివారం ఆరు గంటల పక్కన పెట్టి చూడండి. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారుజాముకు దాదాపు 35 గంటలు. మొదటి ఫిట్ అప్పుడు వచ్చింది. ఆదివారం సాయంత్రానికి మతి పూర్తిగా తప్పింది, అంటే 48 గంటలు. రోజూ పొద్దుటే రెండు సీసాలు తాగితే తప్ప కాలు నేల మీద పెట్టలేని మనిషి, శనివారం సాయంత్రం దాకా బయటే ఉంటే, ఆ రోజు ఎందుకు తాగలేదు? ఇది రుజువు కాదు. ఫిట్ అంతకు ముందూ రావచ్చు, తర్వాతా రావచ్చు. కాని అరెస్టు సమయం రాసుకునేది పోలీసు చేయి. చివరి సీసా సమయం ఒంటికి తెలుసు. అందుకే "భార్య చెప్పిన ప్రకారం" అని మొదలుపెట్టి ఆమె మాటలు ఆమె యాసలోనే కేస్‌షీట్‌లో రాశాను. రోగికి తెలివి వచ్చాక జిల్లా ఆసుపత్రి డాక్టరు విడిగా అడిగి రాసిన చరిత్రలోనూ శుక్రవారమే ఉంది.

రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ లెక్క మొదలయ్యేది మనిషిని పట్టుకున్న క్షణం నుంచి, కాగితం మీద రాసిన క్షణం నుంచి కాదు. 24 గంటల నియమం పత్రికల్లో న్యాయ సూత్రంగానే కనపడుతుంది. నాకు మాత్రం ఆ రోజు అది వైద్య సూత్రంగానూ కనపడింది. శుక్రవారం రాత్రే అరెస్టు చూపించి ఉంటే శనివారం సాయంత్రంలోగా మేజిస్ట్రేట్ ఆయన్ని చూసేవారు. ఫిట్ జైలు ఆసుపత్రిలో వచ్చేదేమో, అసలు రాకుండానే మందులు మొదలయ్యేవేమో.

భార్యకు 15100 నంబరు ఇచ్చాను. అది ఉచిత న్యాయ సహాయం ఫోన్. ఆ సాయంత్రానికే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు ఆసుపత్రికి వెళ్లారు.

చట్టం మాకు ఇచ్చిన పని

ఇది మా డాక్టర్లలో చాలామంది చదవని భాగం. నేనూ ఆ తర్వాతే శ్రద్ధగా చదివాను.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ ప్రకారం అరెస్టు కాగానే ప్రభుత్వ డాక్టరు ఆ మనిషిని పరీక్షించాలి. గాయాలుంటే రాయాలి, అవి సుమారు ఎప్పుడు తగిలాయో కూడా రాయాలి. ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికో, ఆయన చెప్పినవాళ్లకో ఇవ్వాలి. ఆ రాత్రి దాకా నా సర్వీసులో ఒక్క కాపీ కూడా నేను ఇవ్వలేదు. రెండోసారి పరీక్ష అవసరమనిపిస్తే డాక్టరే చేయవచ్చని ఈ కొత్త చట్టంలో చేర్చారు. లోతు దెబ్బలు మర్నాటికి తేలతాయని చెప్పాను కదా, ఆ ఒక్క వాక్యం విలువ అక్కడ తెలుస్తుంది. 56వ సెక్షన్ కస్టడీలో ఉన్న మనిషి ఆరోగ్యం, భద్రత చూసుకునే బాధ్యతను ఆయన్ని పట్టుకుని ఉన్నవాళ్ల మీదే పెట్టింది.

వీటికి మూలం డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అది మొదలైంది 1986లో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ నుంచి ప్రధాన న్యాయమూర్తికి వెళ్లిన ఒక ఉత్తరంతో. అరెస్టు సమయంలో ఒంటి మీద ఉన్న చిన్నా పెద్దా గాయాలు, అరెస్టయిన మనిషి కోరితే, మెమోలో రాసి ఆయనా పోలీసు అధికారీ సంతకం పెట్టాలని, కస్టడీలో 48 గంటలకోసారి డాక్టరు చూడాలని అందులోనే ఉంది. మా రోగితో వచ్చిన కాగితాల్లో ఆ గాయాల మెమో లేదు. లేదని కూడా నేను శనివారం రాత్రి గమనించలేదు.

ఇంగ్లండ్ పోలీసు నియమాల్లో నాకు బాగా నచ్చిన ఒక పద్ధతి ఉంది. మత్తులో ఉన్నట్టు కనపడే మనిషిని లాకప్‌లో కనీసం అరగంటకోసారి లేపి చూడాలి. చువ్వల అవతల నుంచి చూడటం కాదు, లేపాలి. పేరు అడగాలి, కళ్లు తెరువు, చేయి ఎత్తు అని చెప్పి చేస్తున్నాడో లేదో చూడాలి. లేవకపోతే అంబులెన్స్. గురక పెట్టి పడుకున్నాడని వదిలేసిన మనిషి తలలో రక్తం గడ్డకట్టి చనిపోవచ్చు, బయటి నుంచి చూస్తే అచ్చం తాగి పడుకున్నట్టే ఉంటుంది. ఈ పనికి కొత్త పరికరాలు అక్కర్లేదు, సెంట్రీ డ్యూటీలో ఉన్నవాడికి ఒక గంట శిక్షణ చాలు.

తర్వాత

జిల్లా ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు. డయాలసిస్ దాకా పోలేదు. క్రియాటినిన్ 3.1 దాకా ఎక్కి, ఆరో రోజు నుంచి దిగింది. మత్తు మందు ఒక్కసారిగా ఆపకుండా డైజిపామ్ మోతాదు వారాల తరబడి తగ్గిస్తూ వచ్చారు, సైకియాట్రీ ఓపీలో ఇప్పటికీ చూస్తున్నారు. మేజిస్ట్రేట్ వార్డుకే వచ్చారు. కానిస్టేబుళ్లను బయట నిలబెట్టి ఆయనతో ఒంటరిగా మాట్లాడారు. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగు తెప్పించమన్నారు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు లాకప్‌తో సహా స్టేషన్ అంతా కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని చెప్పింది.

నా వాంగ్మూలం తీసుకున్నారు. మొదటి సర్టిఫికెట్ గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను: నాలుగు నిమిషాలు, నిలబెట్టి, ప్యాంటు విప్పించకుండా. లాయరు ఒకరు "అయితే ఆ సర్టిఫికెట్ తప్పా?" అన్నారు. అవునన్నాను. ఆ జవాబు ఇవ్వడానికి ముందు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. టెన్షన్‌తో కాదని చెప్పలేను. కాని ఇంకో జవాబు చెప్పి ఉంటే, రెండో కేస్‌షీట్‌లో నేను రాసిన పట్టాల గుర్తులను కోర్టు నమ్మాల్సిన అవసరం ఏముంది?

క్యాజువాల్టీలో ఆ స్టాంపు ఇప్పుడు లేదు. సూపరింటెండెంట్‌కు చెప్పి తీసేయించాం. దాని బదులు ఒక పేజీ ఫారం పెట్టాం. పల్స్, బీపీ, జ్వరం, షుగర్ గళ్లు ఖాళీగా ఉంటే సంతకం పెట్టకూడదు. బట్టలు విప్పించి, తెర వెనక, తల నుంచి అరికాళ్ల దాకా చూడాలి. ఆడవాళ్లయితే లేడీ డాక్టరు చూడాలి, లేదా ఆమె పర్యవేక్షణలో చూడాలి. ఎస్కార్టు పోలీసు తలుపు దగ్గర కనిపించే దూరంలో ఉండాలి, వినిపించే దూరంలో కాదు. దీనికి మొదట్లో పోలీసుల నుంచి అభ్యంతరం వచ్చింది, పారిపోతే ఎవరిది బాధ్యత అని. కిటికీకి గ్రిల్ ఉన్న గది ఒకటి కేటాయించాక ఆ గొడవ తగ్గింది. రోజూ వేసుకునే మాత్రలేమిటి, ఫిట్స్ ఉన్నాయా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగాలి. మందు, కల్లు రోజూ ఎంత, చివరిసారి ఎప్పుడు అని అడిగి, తేదీతో పాటు పూట కూడా రాయాలి. నేను చూసినంతలో ఈ ప్రశ్నకు జనం అబద్ధం చెప్పరు. నేరం గురించి అడిగితే భయపడే మనిషి కూడా కల్లు గురించి అడిగితే సీసాలతో సహా చెబుతాడు.

వణుకు, చెమట ఉండి పల్స్ 100 దాటితే రిమాండుకు ఫిట్ అని రాయం. అడ్మిట్ చేసుకుంటాం, గార్డు పెట్టుకోమంటాం. ఇది పోలీసులకు ఇబ్బందే. రాత్రిపూట ఇద్దరు మనుషులు ఆసుపత్రిలో కూర్చోవాలి, ఉన్నదే అరకొర సిబ్బంది. ఆ ఇబ్బంది నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ సెంట్రీ కుర్రవాడు ఒకసారి వేరే మనిషిని తీసుకొచ్చినప్పుడు ఫారంలో అడగకముందే చెప్పాడు: "నిన్న పొద్దుగాల తాగిండంట సార్, చేతులు చూడుండ్రి."

మోటార్ల కేసు ఇంకా నడుస్తోంది. ఆయన బెయిలు మీద ఉన్నాడు. పోయిన నెల కిడ్నీ పరీక్షకు మా దగ్గరికే వచ్చాడు, క్రియాటినిన్ 1.1. భార్య ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డుతో పాటు మా రిపోర్టు కాపీ మడిచి పెట్టుకుంది. మొదటి రాత్రిది కూడా కావాలని అడిగింది. జిరాక్స్ తీసి ఇచ్చాను.